మగ్గం కింద భూమి

ధర్మవరంలో మగ్గం నేసేవాడికి తను నేసే చీర మొహం కనపడదు. చీర బోర్లా పుడుతుంది. జరీ మెరిసే పక్క కిందికి, తెగిన కొసలు వేలాడే పక్క పైకి. అందుకే కుళ్లాయప్ప మగ్గం గుంతలో, కాళ్ళకు తగలకుండా, ఒక అద్దం ఏటవాలుగా కట్టి ఉంటుంది. తల వంచి అందులో చూస్తేనే చీర ఎట్లా వస్తున్నదీ తెలిసేది. అది హనుమమ్మ పెళ్ళినాటి అద్దం. "నా మొహం చూసుకోనీకుండా చీరలకు చూపిస్తాండాడు ఈ మనిషి" అని ఆమె వచ్చినవాళ్ళకల్లా ఇప్పటికీ చెబుతుంది. కుళ్లాయప్ప బదులు చెప్పడు. నాడెను ఈ చేతినుంచి ఆ చేతికి విసురుతాడు, అంతే.

ఆ ఇంట్లో నల్ల పడుగు మగ్గం ఎక్కడం అదే మొదలు.

చీరల మీద బొమ్మలు గీసి, ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు కొట్టించే యూనస్ తెచ్చాడు ఆ పని. వెంట వాళ్ళ చిన్నమ్మ కూతురు సమీనా వచ్చింది. హిందూపురం పిల్ల. బెంగళూరులో, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసే ఆఫీసులో పని చేస్తుంది.

"నల్లదా?" అని హనుమమ్మ గడపలోనే నిలబడిపోయింది. "నల్ల చీర ఎవురు కడతారు తల్లీ? పెండ్లికా, చావుకా?"

"ఆకాశం నుంచి దిగొచ్చే ఆమెకు, అవ్వా."

హనుమమ్మ యూనస్ వైపు తిరిగింది. "ఏమప్పా యూనసూ, ఈ పాపకు ఒంట్లో బాగుండాదా?"

సమీనా నవ్వి ఫోను తీసి చూపించింది. భూమి చుట్టూ తిరిగే ఒక ఇల్లు ఉందట. అందులో మనుషులుంటారట. వాళ్ళలో ఒకామె సమీనాకు పని నేర్పిన మనిషి. ఆమె దిగొచ్చిన రోజు కట్టుకోడానికి ఈ చీర. కొంగు నిండా, రాత్రిపూట పైనుంచి మన సీమ ఎట్లా కనపడుతుందో అది రావాలి. నలుపు మీద జరీ చుక్కలు.

ఫోనులో చీకటి కదులుతోంది. ఆ చీకటి అడుగున దీపాలు. కొన్ని ముద్దముద్దగా, కొన్ని పోగు పట్టి లాగినట్టు వరసగా. పొయ్యి ఊదితే లేచే నిప్పురవ్వల్లాగా ఉన్నాయి, కానీ ఆరిపోవడం లేదు. మెల్లగా, చప్పుడు లేకుండా, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జారిపోతున్నాయి. అంచున సన్నటి నీలం గీత. అదే గాలి అంది సమీనా. మనం పీల్చేదంతా ఆ గీతేనట.

కుళ్లాయప్ప చాలాసేపు చూశాడు. తర్వాత ఒకే మాట అడిగాడు. "ఆయమ్మ ఆడ దేని మీద నిలబడుకోనుండాది?"

"నిలబడుకోలేదు తాతా. పడతాంది."

"పడతాందా?"

"పడతానే ఉంటాది. ముందుకు అంత జోరుగా పోతా పడతాంది గాబట్టి, కిందికొచ్చే లోపల భూమి వంపు తిరిగి పక్కకు తప్పుకుంటాది. ఎంత పడినా నేల తగలదు. అట్ల పడతా పడతా భూమంతా చుట్టొస్తాది. పొద్దు పుట్టేది, మునిగేది మనకు దినానికి ఒకసారి. ఆమెకు పదారుసార్లు."

"అయ్యో, మరి ఆయమ్మ వంటెప్పుడు చేసుకుంటాది?" అంది హనుమమ్మ.

ఆ రాత్రి అన్నం తింటూ కుళ్లాయప్ప ఉన్నట్టుండి, "పడతానే ఉంటాదంట" అన్నాడు.

నేత మొదలైంది. ముందు చీర ఒళ్ళంతా వట్టి నలుపు. తర్వాత కొంగు. యూనస్ కొట్టించిన అట్టలు తలమీద టపటపా తిరుగుతుంటే, అట్ట ఎత్తిన పోగుల కింద చిన్న కండెతో జరీ దూర్చాలి. ఒక్కో దీపం ఒక్కో జరీ బుటా. యూనస్ వచ్చి పెద్దవాటికి పేర్లు చెప్పి పోయాడు. ఈ ముద్ద హిందూపురం, ఇది పెనుకొండ, ఇది మన ధర్మవరం, ఈ వరస రైలు దావ. చిన్నచిన్నవాటికి పేర్లు చెప్పలేదు. కుళ్లాయప్పా అడగలేదు.

కొంగు సగానికి వచ్చిన సాయంత్రం జరిగింది అది. పని ఆపేముందు ఎప్పటిలాగే తల వంచి అద్దంలోకి చూశాడు. గుంతలో చీకటి పడుతోంది. అద్దం అంచులు కనపడడం లేదు. కనపడేదల్లా నలుపు, దాని అడుగున దీపాలు. అవి ఎంత లోతున ఉన్నాయంటే, తొంగి చూస్తే బావిలో చుక్కలు కనపడినంత లోతు. కాలు చాపాడు. తొక్కుడు పలక అందలేదు. ఇంకొంచెం చాపాడు. గుంత అడుగూ అందలేదు. నలభై ఏళ్ళకు పైబడి తొక్కుతున్న నేల అది.

కుళ్లాయప్ప కదలలేదు. కింద ధర్మవరం ఉంది. ఆ ముద్దలో ఏదో ఒక రవ్వ తన ఇల్లు. అందులో హనుమమ్మ బియ్యం ఏరుతూ ఉంటుంది. అరిస్తే వినపడదు. అంత పైనుంచి ఏమీ వినపడదు. ఏడ్చేవాళ్ళూ నవ్వేవాళ్ళూ అందరూ ఒకే వెలుగు.

"ఏమయ్యా, లైటు వేసుకోకుండా ఏం చేస్తాండావు?" అని హనుమమ్మ స్విచ్చి నొక్కింది.

కాలి కింద పలక ఉంది. ఎప్పుడూ ఉన్నచోటే ఉంది.

ఆ మర్నాడు అతను దిష్టి బుటా వదిలాడు.

వాళ్ళ ఇంట్లో తాతల నాటి అలవాటు అది. చీర ఎంత బాగా కుదిరితే అంత భయం. ఏ తప్పూ లేని చీరకు చూసినవాళ్ళ కళ్ళన్నీ అంటుకుంటాయి. అందుకని నేసేవాడే కొంగులో ఒకచోట, ఎవరూ పట్టుకోలేని చోట, ఒక బుటా నేయకుండా వదిలేస్తాడు. దిష్టంతా పోయి ఆ ఖాళీలో పడుతుంది. కట్టుకున్న మనిషికి తగలదు. చీరకే అంత భయమైతే, రేయీ పగలూ పైనుంచి కళ్ళు పెట్టి చూస్తూ ఉంటే భూమికి ఎంత దిష్టి తగిలి ఉండాలి అనుకున్నాడు. ఈ కొంగుకు తప్పు తప్పనిసరి. ఒక మూల, ఒంటరిగా ఉన్న చుక్కను చూసుకున్నాడు. అన్నిట్లోకి చిన్నది. అట్ట పోగులెత్తింది. అతను జరీ దూర్చలేదు. నాడె విసిరి, అచ్చు పలక లాగి పేకను కొట్టి, ముందుకు పోయాడు.

ఆ సాయంత్రం నుంచి వాన.

రెండో రోజుకు యూనస్ తడుస్తూ వచ్చాడు, ఫోనులో ఫొటో పట్టుకుని కొంగుతో సరిచూడడానికి. గుంత పక్కన బోర్లా పడుకుని అద్దంలోకి చూశాడు. "అబ్బబ్బా, ఏం కుదిరింది మామా!" అన్నాడు. తర్వాత వేలు ఫొటో మీద ఆగింది.

"ఈడ ఒకటి పోయింది గదా."

"దిష్టికి," అన్నాడు కుళ్లాయప్ప.

"సరే, సరే. మీ ఇంటి సంగతి తెలుసులే." యూనస్ ఫొటోను వేళ్ళతో పెద్దది చేశాడు. "అయినా యాడ దొరికింది మామా నీకు ఈ చుక్క? ఇది ముదిగుబ్బ. దాని పక్కన ఈ చిన్నది... మీ లక్ష్మీప్రియను ఇచ్చిన పల్లె గదా ఇది?"

కుళ్లాయప్ప చేతిలో నాడె ఆగింది.

లక్ష్మీప్రియ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అల్లుడికి గొర్రెలు. పిల్ల ఏడో నెల కడుపుతో ఉంది. పుట్టింటికి రమ్మంటే, గొర్రెలకు ఈ వానాకాలం గడిచినాక వస్తానంది.

"ఏమే," అని కుళ్లాయప్ప లోపలికి కేకేశాడు. అతను కేకెయ్యడమే అరుదు. "పాపకు ఫోన్ చేసినావా?"

"నిన్న మాపు నుంచి చేస్తానే ఉండా. పోవడం లేదు. అల్లునిది కూడా అంతే. వానకు కరెంటు పోయింటాదిలే."

యూనస్ నవ్వడం మానేశాడు. బండి మీద ముదిగుబ్బ దావన పోయి, పొద్దు వాలేలోపల తిరిగి వచ్చాడు. వంక పొంగి బస్సులు ఆపేశారట. అవతలికి పోవడానికి వీల్లేదు. అది హనుమమ్మకు చెప్పాడు. తర్వాత మగ్గం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మామా, వంక గట్టు మీద నిలబడి చూసినా. ఈ పక్క చెట్లు కనపడతాండాయి, కరెంటు స్తంభాలు కనపడతాండాయి. ఆ పక్క ఊరుండాల్సిన తావున ఏమీ లేదు. మబ్బు కాదు, మంచు కాదు. పట్టపగలే నల్లగుడ్డ పరిచినట్టుండాది. అంచు కూడా తెలుస్తాంది."

కుళ్లాయప్ప అతని మొహం చూశాడు. అబద్ధం చెప్పే పిల్లోడు కాదు.

యూనస్ పోయాక కుళ్లాయప్ప గుంతలో దిగి, నేసింది విప్పడం మొదలుపెట్టాడు. నేసే పని చేతికి వచ్చు. విప్పే పని ఎవరికీ రాదు. అట్టలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాలి. పోగు ఎత్తాలి, పేక లాగాలి. నల్ల పట్టు నలిగి నూగు లేస్తుంది. జరీ వంకర తిరుగుతుంది. ఒక్కో దీపం ఊడి ఒళ్ళో పడుతుంటే అతను పేరు తెలియని ఊరినల్లా ఎడమ చేత్తో పట్టుకుని పక్కన పెడుతున్నాడు, కింద పడనివ్వకుండా.

హనుమమ్మ వచ్చి చూసింది. "ఏం పోయేకాలం? అంతా యాల పీకుతాండావు?"

"పాప ఉండే తావు అది. నేనే వదిలేసినా."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగు బిగించి అతని పక్కన కూర్చుని, వచ్చిన పేకను కండెకు చుట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ చుక్క దగ్గరికి వచ్చారు. అట్ట పోగులెత్తింది. కుళ్లాయప్ప జరీ దూర్చాడు. ఒకసారి, ఇంకోసారి, చుక్క నిండేదాకా. అద్దంలో ఆ మూల ఒక రవ్వ వెలిగింది.

ఇక ముందుకు పోవాలి. చెయ్యి పోలేదు.

"ఇంగేం?" అంది హనుమమ్మ.

"తప్పు లేదు ఇప్పుడు చీరలో."

ఆమెకు అర్థమైంది. ఈ ఇంటికి కోడలై వచ్చిన ఏడాదే ఆమెకు చెప్పారు ఆ మాట. తప్పు లేని చీర మగ్గం దిగకూడదు. ఒకటి ఆర్పాలి. కుళ్లాయప్ప అద్దంలోకి చూశాడు. ఏది? హిందూపురంలో సమీనా తల్లి ఉంది. పెనుకొండలో బాబయ్య దర్గా దగ్గర ఎంతమంది పడుకుని ఉంటారో. ఆమడగూరు దిక్కున ఒక చుక్క ఉంది, అక్కడ ఎవరూ తెలియదు. తెలియకపోతే మాత్రం? ఆ చుక్కలో కూడా ఎవరికో ఏడో నెల ఉండొచ్చు. పైనుంచి చూస్తే ఏదైనా ఒకటే, ఏది ఆర్పినా చప్పుడు కాదు. అదే అతన్ని వణికించింది.

"మన ఇల్లు ఆర్పుతా," అన్నాడు.

"మన ఇల్లొక్కటే ఎట్ల ఆర్పుతావు? ధర్మవరమంతా ఆర్పల్ల. మన కోసరం ఊరోళ్ళంతా చీకట్లో కూచోవల్లనా? తెలివి!" హనుమమ్మ అద్దంలోకి వంగింది. కాసేపు ఆ నలుపును చూసింది. "తప్పంటే ఆర్పేది ఒకటేనా? లేని తావున ఒకటి పెట్టు. అదీ తప్పే గదా. దిష్టి దాని మీద పడనీ."

కుళ్లాయప్ప ఆమె వైపు చూశాడు.

"ఎవురూ లేని తావున పెట్టు," అందామె.

కనగానపల్లికీ పెనుకొండకూ నడుమ రాతిగుట్టలు. ఊరు లేదు, దావ లేదు, నీళ్ళు లేవు. ఫొటోలో ఆ మేరంతా నలుపు. అక్కడ అట్ట పోగులు ఎత్తదు. కుళ్లాయప్ప గోటితో ఒక్కొక్క పోగూ పైకెత్తి, హనుమమ్మ పట్టుకుంటే, కింద జరీ దూర్చాడు. అట్ట చెప్పని దీపం. నాడె విసిరి అచ్చు పలక కొట్టాడు.

ఆ చప్పుడుకు కాదు, అది అయిన చాలాసేపటికి, సంజవేళ ఫోను మోగింది.

"అమ్మా, నేను," అంది లక్ష్మీప్రియ. "ఇప్పుడే కరెంటొచ్చింది. బాగుండామే, అందరం బాగుండాం. ఏడవొద్దు." తర్వాత నాన్న కావాలంది. "నాయనా, నీకొక్కనికే చెప్తాండా, అమ్మకు చెప్పొద్దు. ఈ రెండు దినాలు వట్టి కరెంటు పోయినట్టు లేదు. దీపం ముట్టిస్తే దీపం కనపడేది, గోడ కనపళ్ళేదు. నీ అల్లుడు పక్కనే ఉండాడు, గొంతు వినపడతాంది, మనిషి లేడు. వెలుతురు బయటికి రావడానికి భయపడినట్టుండె. గొర్రెలు ఒక్కటి కూడా అరవలేదు నాయనా."

"సరే. పడుకో," అన్నాడు కుళ్లాయప్ప.

కొంగు పూర్తయినాక చీర కోసి మడత పెట్టారు. సమీనా వచ్చి, కొంగు ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. గుట్టల నడుమ ఉన్న ఆ ఒక్క చుక్క మీద వేలు పెట్టింది. "ఇది ఏ ఊరు తాతా?"

"దిష్టికి," అన్నాడు.

"భలే ఉండాది. ఆమెకు చెప్తా," అని నవ్వుతూ చీర పట్టుకుపోయింది.

మళ్ళీ వచ్చేసరికి నవ్వడం లేదు. చీర సంచిలోనే ఉంది. పైనున్న ఆమె ఇంకా దిగలేదట. వచ్చీ రాగానే ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. అదే నలుపు, అవే ముద్దలు, అదే రైలు దావ. గుట్టల నడుమ ఒక రవ్వ.

"పాత ఫొటోల్లో లేదు తాతా. అన్నీ వెతికినా. ఆమే చూసి, ఆడెవరుండారో కనుక్కోమనింది. నేను చీర సంగతి ఆమెకు ఇంకా చెప్పనే లేదు."

"గొర్రెలోళ్ళ మంటేమో," అంది హనుమమ్మ.

"నేనూ అదే అన్నా అవ్వా. యూనస్ అన్న పోయి చూసొచ్చినాడు. రాళ్ళు, కలేపండ్ల పొదలు, అంతే. బూడిద కూడా లేదంట. అదీ గాక..." సమీనా ఆగింది. "మంట ఐతే రాత్రంతా ఉండాల గదా. ఇది వాళ్ళు వచ్చేదానికి కొంచెం ముందర వెలుగుతాదంట. వాళ్ళు నెత్తిమీదికొచ్చి దాటిపోతానే ఆరిపోతాదంట. ప్రతిసారీ. వాళ్ళు పైనుంచి చూస్తా ఉంటే, కింద నుంచి ఎవరో వాళ్ళ కోసరం కాచుకోని ఉన్నట్టు."

వాకిట్లో లక్ష్మీప్రియ బట్టలు ఆరేస్తోంది. కాన్పుకు వచ్చింది.

సమీనా చీర తీసి మగ్గం మీద పరిచింది. "ఇది ఆమెకు ఇచ్చేకి భయంగా ఉండాది. ఆ ఒక్క చుక్క తీసెయ్ తాతా. దారమే గదా."

దారమే. కత్తెర మొనతో రెండు పోగులు తెంపి లాగితే ఊడి వస్తుంది. కుళ్లాయప్ప కత్తెర తీసుకున్నాడు. కొంగు వంచి చుక్క పట్టుకున్నాడు. వేలి కింద అది గరుకుగా, కొంచెం వెచ్చగా ఉంది. వెచ్చదనం తన వేలిదే కావచ్చు. మొన జరీ కింద దూర్చాడు.

దీపం కనపడేది, గోడ కనపళ్ళేదు.

కత్తెర కింద పెట్టేశాడు.

"ఏం తాతా?"

"ఆడ ఎవరో ఉండారు."

"ఎవరూ లేరనే గదా పెట్టినారు!"

"నేను పెట్టేదాకా లేరు. పెట్టినాక ఉండారు." ఇంత పొడుగు మాట అతను ఎప్పుడూ ఆడలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఒకసారి తెలీక ఆర్పినా. ఇది తెలిసి ఎట్ల ఆర్పుతా పాపా? తీసేస్తే యాడికి పోతారు వాళ్ళు?"

సమీనా చీర మడిచింది.

ఆ సాయంత్రం మేడ మీద నిలబడ్డారు, సమీనా, కుళ్లాయప్ప, హనుమమ్మ. పొద్దు మునిగి పడమర ఇంకా ఎర్రగానే ఉంది. "వస్తాది చూడండి," అని సమీనా గడియారం చూసుకుంది. కుళ్లాయప్ప ఆకాశం వైపు చూడడం లేదు. కనగానపల్లి అవతల, నల్లగా పరుచుకున్న గుట్టల వైపు చూస్తున్నాడు. మగ్గం కింద అద్దంలోకి చూసేటప్పుడు వంచినట్టే తల కొంచెం వంచాడు.

గుట్టల్లో ఒక రవ్వ వెలిగింది.

అది వెలిగాక, పడమటి నుంచి ఒక చుక్క లేచింది. మిణుకుమిణుకు అనకుండా, చప్పుడు లేకుండా, జారుతూ నెత్తిమీదికి వచ్చింది. సమీనా చెయ్యెత్తి ఊపింది, చిన్నపిల్లలాగా. అక్కడ ఆమె పడుతూ ఉంది, నేల తగలకుండా. ఇక్కడ ఎవరో ఆమెకు కనపడుతూ ఉన్నారు. నడుమన ఈ ముగ్గురూ నిలబడ్డారు. చుక్క తూర్పుకు దాటి, భూమి నీడలోకి పోయి మాయమైంది.

గుట్టల్లో దీపం ఆరింది. ఊది ఆర్పినట్టు కాదు. కన్ను మూసినట్టు.

తర్వాత హనుమమ్మ కొంగు భుజాన కప్పుకుని మెట్ల వైపు నడిచింది.

"ఎవరో ఏమో," అంది దిగుతూ. "అన్నమన్నా తిన్నారో లేదో."